‘ద లాబ్‌స్టర్’ చూసి మా పెదనాన్న అడిగారు: “ఇంతకీ ఇందులో రొయ్యేదిరా?”

లంకకుర్రోడు · ఆదివారం ఉదయం 7:10

అందరికీ నమస్కారమండి. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. నిన్న రాత్రి సంగతి రాయకపోతే మాత్రం కడుపుబ్బి పోయేలా ఉన్నాను.

మాది రాజోలు అవతల లంక ఊరు. నాకు 34 నిండాయి, పెళ్లి కాలేదు, ఇంట్లోంచే ఉద్యోగం. ఊళ్లో ఎవరు పలకరించినా “బాగున్నావా” తర్వాత వచ్చే రెండో ప్రశ్న ఏంటో మీకు వేరే చెప్పక్కర్లేదు. నిన్న వాన తెరిపిచ్చిందని మేడ మీద తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టర్ పెట్టి, ముగ్గురం స్నేహితులం ‘ద లాబ్‌స్టర్’ వేసుకున్నాం. 2015 నాటి సినిమా. గ్రీసు దర్శకుడు యోర్గోస్ లాంతిమోస్ ఇంగ్లీషులో తీసిన మొదటి సినిమా ఇదే. కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ ప్రైజ్ కూడా ఇచ్చారు.

మా పెదనాన్నకి నాలుగెకరాల రొయ్యల చెరువులున్నాయి. కింద అరుగు మీద కూర్చుని సినిమా పేరు విన్నారు. లాబ్‌స్టర్ అంటే పెద్ద కొండీల సముద్రపు రొయ్యలాంటిదే కదా, రొయ్యల సాగు మీద వీడియో అనుకుని, ప్లాస్టిక్ కుర్చీ చంకన పెట్టుకుని పైకి వచ్చేశారు. ఏం చేస్తాం, ముందు వరసలో వేశాం.

మొదటి సీన్లోనే ఒకావిడ వానలో కారేసుకొచ్చి, దిగి, పొలంలో ఉన్న గాడిదని తుపాకీతో కాల్చి వెళ్లిపోతుంది. పెదనాన్న నా వంక చూశారు. నేను తెర వంక చూశాను.

తర్వాత కథ తెలిసిందే. పెళ్లాం వదిలేసిన డేవిడ్‌ని హోటల్‌కి తీసుకెళ్తారు. 45 రోజుల్లో జోడీ దొరక్కపోతే జంతువుగా మార్చేస్తారు, ఏ జంతువో మాత్రం మన ఇష్టం. డేవిడ్ లాబ్‌స్టర్ కోరుకుంటాడు. వందేళ్లు బతుకుతుంది, రక్తం రాజవంశాల వాళ్లలా నీలం, చచ్చేదాకా సంతానయోగ్యం, పైగా వాడికి సముద్రమంటే ఇష్టం. అక్కడ పెదనాన్న మొదటిసారి నోరు విప్పారు: “45 రోజులు దాటితే పంట గట్టెక్కినట్టేరా.” సాయంగా వచ్చిన మా స్నేహితుడు నవ్వు ఆపుకోలేక నీళ్లట్యాంకు వెనక్కి పోయాడు.

ఆపేద్దామా అని రెండుసార్లు అడిగాను. “ఉండరా” అన్నారు. చివరిదాకా చూశారు. అప్పుడు అడిగారండి, శీర్షికలో రాసిన ప్రశ్న. తెర మీద లాబ్‌స్టర్ ఒక్కసారైనా నడిచొస్తే కదా చూపించడానికి!

నా అనుమానం ఏంటంటే, ఆయనకి ఈ సినిమా నాకంటే బాగా అర్థమైంది. ఎలాగో మీరు చెప్పాలి.

పాలకొల్లు_రీలు · ఆదివారం 8:02

మిత్రమా, ఈ సినిమాని ఇలా కామెడీ చేసేయడం బాధగా ఉంది. లాంతిమోస్ నటుల చేత భావం లేకుండా, పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడిస్తాడు. మేకప్ లేదు, ఎక్కువ భాగం సహజమైన వెలుతురు. వెనకాల బీతోవెన్, షోస్తకోవిచ్ తీగవాయిద్యాలు గుండె కోసేస్తుంటే, మనుషులేమో బియ్యం ధర చెప్పుకున్నట్టు ప్రేమ గురించి మాట్లాడుకుంటారు. ఆ తేడాలోనే ఉంది సినిమా అంతా. ‘డాగ్‌టూత్’ (2009) నుంచి అతని పద్ధతి అదే.

లంకకుర్రోడు · 8:15

కామెడీ కాదని ఎవరన్నారండీ?

పులుసుపిచ్చి · 8:31

రీలు గారూ, ముఖంలో ఏ భావమూ లేకుండా ఎదుటోడిని కోసి కారం పెట్టడాన్ని మా వైపు ఎటకారం అంటారు. దానికి గ్రీసు నుంచి మనిషి రావాలా? “భోంచేసి వెళ్లండి, ఎలాగూ మీ ఇంట్లో వండి ఉండరు కదా” అని మా మేనత్త అన్నప్పుడు ఆవిడ ముఖం చూడాలి. మేకప్ లేదు, సహజమైన వెలుతురే.

అసలు ‘పుస్తెలమ్మి అయినా పులస తినాలి’ అన్న సీమ మనది. తాళి అమ్మి చేప తినమని సామెత కట్టుకున్నవాళ్లకి పెళ్లి మీద సెటైర్ కొత్తా?

కోనసీమకోడలు · 9:40

నేను ఈ సినిమా రెండుసార్లు చూశాను. మొదటిసారి నవ్వుకున్నాను. రెండోసారి చూసేటప్పటికి పెళ్లయి నాలుగేళ్లు, అప్పుడు నవ్వు రాలేదు.

హోటల్లో ఒక సీన్ ఉంటుంది. కొత్త జంటకి మేనేజరమ్మ (ఒలీవియా కోల్‌మన్, ఆ కళ్లల్లో ఎంత మర్యాదో!) చెబుతుంది: మీలో మీకు తేల్చుకోలేని గొడవలొస్తే మీకు పిల్లల్ని కేటాయిస్తాం, సాధారణంగా దాంతో సర్దుకుంటుంది అని. థియేటర్లో అందరూ పగలబడి నవ్వుతారట అక్కడ. నాకైతే అంబాజీపేటలో మా అత్తగారి హాలు కనిపించింది. అదే సోఫా, అదే గొంతు. “ఒక కాయ కాస్తే అన్నీ సర్దుకుంటాయమ్మా.” కొబ్బరి వ్యాపారం ఇంట్లో పోలికలన్నీ కాయలతోనే ఉంటాయి లెండి.

ఇంకోటి. హోటల్ సిబ్బంది స్టేజి మీద నాటకాలు వేస్తారు. మగాడు ఒంటరిగా తింటే గొంతుకి అడ్డం పడి చస్తాడు, పెళ్లాం ఉంటే బతికిస్తుంది. ఆడది ఒంటరిగా నడిస్తే అఘాయిత్యం, మొగుడు పక్కనుంటే ఏమీ జరగదు. అధివాస్తవికం అని రాశారు సమీక్షల్లో. నాకు ఇంటర్‌లో ట్యూషన్ మాన్పించినప్పుడు మా నాన్న చెప్పింది అక్షరం పొల్లుపోకుండా ఇదే. ఆయన స్టేజి ఎక్కలేదు, అంతే.

ఏరియేటర్ · 10:25

భీమవరం దగ్గర నుంచి. సినిమా చూడలేదు, కానీ 45 రోజుల మాట విని ఆగలేకపోయాను. మీ పెదనాన్నగారికి దణ్ణం. వనామీ రకం రొయ్య వేసినోడికి ఆ 45 రోజులు ఎలా గడుస్తాయో తెలుసు. వైట్ స్పాట్ (తెల్లమచ్చ రోగం) భయం ఎక్కువగా ఆ లోపే. తెల్లారుజామున 3 గంటలకి లేచి, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తి, టార్చి వేసి చూసేటప్పుడు గుండె కొట్టుకోవడం వినపడుద్ది. మేత మిగిలిందా, అయిపోయింది సంగతి. కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క) రాకపోయినా ఉన్నది ఉన్నట్టు పట్టేసి ఎంతకో అంతకి ఇచ్చేయడమే.

ఇక లాబ్‌స్టర్ని కోరుకున్న ఆ బాబుకి ఎవరైనా చెప్పాల్సింది. నీలం రక్తం గొప్పేం కాదు. మనకి రక్తంలో ఇనుము ఉన్నట్టు వాటికి రాగి ఉంటుంది. 30 కౌంట్ రొయ్యకీ అదే రక్తం. దాన్ని చూసి ఎవడూ రాజుగారని లేచి నుంచోడు.

పులుసుపిచ్చి · 10:33

మీ భీమవరంలో లేచి నుంచుంటారేమో కనుక్కోండి.

నిర్వాహకుడు · 10:50

కులాల వైపు తిప్పొద్దు. ఇక్కడితో ఆగండి.

గట్టుమీద_మాస్టారు · మధ్యాహ్నం 12:15

నాయనలారా, నేను రాజమండ్రిలో రిటైరైన తెలుగు మాస్టారిని. మా మనవడు పెట్టిస్తే పోయినేడు ఈ చిత్రం చూశాను. మీరంతా ‘అధివాస్తవికం’ అంటున్నారు గనక ఒక మాట.

మా చిన్నతనంలో మా వీధిలో ఒకాయనకి ఇద్దరు భార్యలు పోయారు. మూడో పెళ్లి అచ్చిరాదని శాస్త్రం. అందుకని ముందు జిల్లేడు చెట్టుకి తాళి కట్టించారు. అర్కవివాహం. పురోహితుడు మంత్రాలు చదివాడు, చెట్టుకి పసుపు గుడ్డ చుట్టారు, జీలకర్రా బెల్లం పెట్టారు. మూడో భార్య జిల్లేడు, ఆ తర్వాత వచ్చినావిడ లెక్కకి నాలుగో భార్య. గండం చెట్టు మీదుగా పోయింది. ఆ తంతుకి వచ్చినవాళ్లలో ఒక్కడు కూడా నవ్వలేదు. పిల్లలం మేం నవ్వితే వీపు పగిలింది.

కుజదోషం ఉన్న పిల్లకి అరటిచెట్టుతో, కుండతో ముందు పెళ్లి. వానలు పడకపోతే కప్పలకి పెళ్లి. గాడిదలకి పెళ్లి. (గాడిదని కాల్చిన సీను దగ్గర నాకు గుర్తొచ్చింది అదే.) రావికీ వేపకీ పెళ్లి. మనిషిని జంతువుగా మార్చే హోటల్ చూసి విస్తుపోతున్నాం, జంతువుని పెళ్లికొడుకుని చేసిన ఊళ్లల్లో పుట్టి.

మరి అదే రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయిస్తే ఏమైంది? వెలివేస్తామన్నారు, బంధువులు మొహం చాటేశారు, వంటకి, నీళ్లకి మనుషులు దొరకని పరిస్థితి తెచ్చారు. చెట్టుకి తాళి కడితే శాస్త్రం. మొగుడు పోయిన పన్నెండేళ్ల పిల్లకి మనిషి చేత తాళి కట్టిస్తే విడ్డూరం.

పాలకొల్లు_రీలు · 12:40

మాస్టారూ, నమస్కారం. దీని మీద మీరు విడిగా రాయాలి. నేను నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నాను. కామెడీయే.

ర్యాలి గుడిలో విగ్రహం కూడా గుర్తొచ్చింది. ఒకే రాయి, ముందు నుంచి చూస్తే కేశవస్వామి, వెనక్కి తిరిగొస్తే జగన్మోహిని, వీపు మీద జడతో సహా. చిన్నప్పుడు ఆత్రేయపురంలో పూతరేకులు కొనిపెడతామని ఆశపెట్టి తీసుకెళ్లేవారు. ఆ వెనకవైపు చూసి మా చెల్లి అడిగింది, “వీళ్లిద్దరూ మొగుడూపెళ్లాలా, ఒక్కళ్లేనా?” అని. పూజారిగారు ఆ ప్రశ్నని పూతరేకులా మడతపెట్టేశారు.

కోనసీమకోడలు · 1:05

హోటల్లో చేర్చుకునేటప్పుడు ఫారం నింపుతారు గుర్తుందా? చెప్పుల సైజు 44న్నర అంటాడు డేవిడ్. అరలు లేవు, 44 అయినా చెప్పు 45 అయినా చెప్పు. మా తమ్ముడి సంబంధాల కోసం ఒక వెబ్‌సైట్‌లో నమోదు చేశాం. రంగు దగ్గర తెలుపు, చామనఛాయ, నలుపు. అమ్మ గంట ఆలోచించింది. “చామనఛాయ కంటే కొంచెం తెలుపు” అని రాయడానికి గడి లేదు. తెలుపు నొక్కింది. ఇప్పుడు చూపులకెళ్లిన ప్రతిచోటా వాణ్ని ట్యూబులైటు కింద కూర్చోబెడుతోంది.

లంకకుర్రోడు · 1:30

నవ్వకండి, అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. సినిమాలో జోడీ కుదరాలంటే ఇద్దరికీ ఒకే లక్షణం ఉండాలి. కుంటివాడికి కుంటిది, ముక్కులోంచి రక్తం కారే అమ్మాయికి రక్తం కారేవాడు. ఆ కుంటాయన ముక్కుని కావాలని కొట్టుకుని, దొంగరక్తం తెప్పించుకుని పెళ్లి చేసుకుంటాడు.

మా పెళ్లిళ్ల పేరయ్య మొన్న ఒక సంబంధం తెచ్చాడు. నరసాపురం వైపు. గోత్రాలు సరే, జాతకాలు సరే. ఆయన కొసమెరుపు ఏంటంటే: “అబ్బాయిదీ ఎడమచేతి వాటం, అమ్మాయిదీ ఎడమచేతి వాటం. ఇలాంటి జోడీ జిల్లాలో దొరకదండి.” ఆషాఢం వచ్చేలోపు చూపులు అయిపోవాలని వచ్చే గురువారానికే ముహూర్తం పెట్టారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వెళ్తున్నాం.

పులుసుపిచ్చి · 1:34

పప్పన్నంలో పక్కపక్కన కూర్చుంటే మోచేతులు తగలవు. మంచి సంబంధమే.

ఉప్పుగాలి · రాత్రి 9:20

ఆలస్యంగా వచ్చాను. నేను కాకినాడ అవతల తీరంలో ఒక హేచరీలో, అంటే రొయ్యపిల్లల్ని పుట్టించే చోట, టెక్నీషియన్‌ని. ఈ సినిమా చివర గురించి ఎవరూ మాట్లాడలేదేం?

డేవిడ్ అడవిలోకి పారిపోతాడు. అక్కడ ఒంటరివాళ్ల గుంపు. హోటల్లో జోడీ లేకపోతే శిక్ష, అడవిలో జోడీ కడితే శిక్ష. ఎవడి గొయ్యి వాడే తవ్వుకోవాలి. డాన్సు కూడా ఎవరి చెవుల్లో పాట వాళ్లు పెట్టుకుని ఎవరికి వాళ్లే చేయాలి. అక్కడ వాడికి తనలాగే దూరం చూపు ఆనని అమ్మాయి దొరుకుతుంది (రేచల్ వైజ్). సంగతి పసిగట్టిన నాయకురాలు ఆ అమ్మాయిని పట్నం తీసుకెళ్లి, చూపు బాగుచేయిస్తానని చెప్పి, డాక్టరు చేత గుడ్డిదాన్ని చేయిస్తుంది. ఇక ఇద్దరికీ కలిసే లక్షణం లేదు. ఇద్దరూ పారిపోయి రోడ్డుపక్క హోటల్లో కూర్చుంటారు. డేవిడ్ మాంసం కోసే కత్తి తీసుకుని బాత్రూములోకి వెళ్లి అద్దం ముందు కంటి దగ్గర పెట్టుకుంటాడు. ఆమె బల్ల దగ్గర ఎదురుచూస్తూ ఉంటుంది. అయిపోతుంది. పొడుచుకున్నాడో లేదో చెప్పరు.

నేను చేసే పని చెప్తాను. తల్లి రొయ్యలు, బ్రూడర్లంటాం, విదేశాల నుంచి చెన్నై క్వారంటైన్ మీదుగా వస్తాయి. ఒక్కోటి ఖరీదైన సరుకు. తొట్టిలో ఊరికే పెడితే అవి అనుకున్న టైముకి గుడ్లకి రావు. అందుకని ఆడదాని ఒక కంటి కాడని నొక్కేస్తాం, లేదా కత్తిరిస్తాం. గుడ్లని ఆపే హార్మోను ఆ కంటి కాడలో ఉంటుంది. ఒక కన్ను పోతే ఆ ఆపుదల సగం పోతుంది. వారం పది రోజుల్లోపే గుడ్లకి వస్తుంది. ఇప్పుడు కన్ను తియ్యకుండా చేసే పద్ధతుల మీద పని జరుగుతోంది, కానీ చాలాచోట్ల ఇంకా ఇదే. గోదావరి చెరువుల్లోకి వెళ్లే పిల్లల్లో ఎక్కువ భాగం ఒంటికన్ను తల్లుల పిల్లలు.

నేను ఈ సినిమా రాత్రి షిఫ్టులో ఫోన్‌లో చూశాను. కత్తి సీను వచ్చినప్పుడు పక్కన తొట్టిలో నీళ్లు కదులుతున్నాయి. ఫోన్ మూసేశాను. మర్నాడు మిగతా కాస్తా చూశాను.

ఏరియేటర్ · 9:48

ఇరవయ్యేళ్లుగా సీడు (రొయ్యపిల్లలు) కొంటున్నాను. రోగం లేదని చూపే పీసీఆర్ రిపోర్టు అడిగాను, సైజు అడిగాను. ఈ మాట మాత్రం ఎప్పుడూ అడగలేదు.

కోనసీమకోడలు · 9:55

మగరొయ్యకి?

ఉప్పుగాలి · 10:02

మగదానికి అక్కర్లేదండి.

కోనసీమకోడలు · 10:03

ఊఁ.

పాలకొల్లు_రీలు · 10:30

సినిమాలో మాత్రం పొడుచుకోవాల్సింది మగవాడు. పొడుచుకోలేదేమో అని అనుమానంలో పెట్టి వదిలేశాడు దర్శకుడు. ఆమె కన్ను పోవడంలో మాత్రం ఏ అనుమానమూ లేదు. ఈ కోణం నాకు ఇంతవరకు తట్టలేదు.

ఉప్పుగాలి · 10:41

ఒక చిన్న సంగతి చెప్పి పడుకుంటాను. డేవిడ్ కోరుకున్న లాబ్‌స్టర్ కాపరం గురించి. అమెరికా వైపు పెద్ద కొండీల రకంలో ఆడది గుల్ల విడిచే టైముకి మగదాని బొరియలోకి వెళ్తుంది. ఒళ్లు మెత్తగా ఉన్నప్పుడే కలుస్తాయి. గుల్ల గట్టిపడేదాకా కొన్నాళ్లు అక్కడే ఉంటుంది. గట్టిపడ్డాక ఎవరి దారి వాళ్లది. హోటలు లేదు, అడవి లేదు.

గట్టుమీద_మాస్టారు · సోమవారం ఉదయం 5:30

రాత్రి చదివి నిద్ర పట్టలేదు నాయనా. రొయ్యలు మానెయ్యమంటే మానెయ్యలేను. ఇవాళ మటుకు వంకాయ వండమన్నాను.

లంకకుర్రోడు · సోమవారం 8:20

ఉప్పుగాలి గారి పోస్టు పెదనాన్నకి చదివి వినిపించాను. ఆయనకి ఈ కంటి కాడ సంగతి ముందే తెలుసు! ‘అందుకే అడిగానురా’ అన్నారు. ‘ఎవడికి ఎవడు కావాలో ముందే రాసిపెట్టి, అది కుదరడానికి కన్ను తీస్తే, అది హేచరీయే. హేచరీ మొత్తం చూపించి రొయ్యని చూపించలేదేం?’

నాదగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే రాయండి.

పులుసుపిచ్చి · 8:26

పెదనాన్నగారికి ఇక్కడ ఒక ఖాతా తెరవండి ముందు.

లంకకుర్రోడు · శుక్రవారం రాత్రి 11:15

నిన్న వెళ్లొచ్చాం. అడుగుతారని నేనే రాస్తున్నాను.

పెద్దవాళ్లు లోపల కొబ్బరి ధర మాట్లాడుకుంటున్నారు. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి ఎడం చేత్తో కాఫీ అందించింది. సగం సాసర్లో, కొంచెం నా చొక్కా మీద. కంగారుపడి వెంటనే చెప్పేసింది: “నాది ఎడమచేతి వాటం కాదండి. పేరయ్యగారు అలా చెప్పమన్నారు. వారం రోజులుగా ప్రాక్టీసు చేస్తున్నాను, కుదరలేదు.”

నాకు సినిమాలో ముక్కు కొట్టుకున్న కుంటాయన గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఎందుకో అడిగింది. సినిమా కథ చెప్పాను, వరండాలో కూర్చుని, గుడ్డిదాన్ని చేసే దాకా. పూర్తిగా విన్నది. “మీరైతే ఏం కోరుకుంటారు?” అంది. నీలకంఠ రొయ్య అన్నాను, ఆలోచించకుండా. తను పులస అంది. సముద్రంలో ఉన్నన్నాళ్లు ఎవరికీ పట్టదు, ఎర్రనీటికి ఎదురీదితేనే పేరు అంది. కరెక్టే.

ఇంటికొచ్చి చెబితే పెదనాన్న లెక్కేశారు. పులస గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి గోదాట్లోకి ఎగబాకుతుంది. నీలకంఠం గుడ్లు పెట్టడానికి గోదాట్లోంచి ఉప్పునీటి వైపు దిగుతుంది. “మీరిద్దరూ ఎదురుపడేది ఏటిమొగ దగ్గరేరా, అదీ ఒక్కసారే.”

కోనసీమకోడలు · 11:21

అబ్బా! మరి ఏమన్నారు వాళ్లు?

లంకకుర్రోడు · 11:30

ఎడమచేతి అబద్ధం రెండిళ్లలోనూ బయటపడింది. పేరయ్య ఫోను ఎత్తడం లేదు. ఇంతలో ఆషాఢం వచ్చేసింది కదండీ. శ్రావణంలో మాట్లాడుకుందామన్నారు పెద్దవాళ్లు.

ఏరియేటర్ · 11:34

ఎన్ని రోజులుంది శ్రావణానికి?

లంకకుర్రోడు · 11:36

లెక్కపెట్టలేదండి. తను ఇందాక మెసేజ్ పెట్టింది, సినిమా ఎక్కడ దొరుకుతుందని.